ఇంటి కార్ఖానాకు కరెంటు: వైరు, ప్లగ్గు, ఎంసీబీ కొలతలు

ఇంటి ఆవరణలో నడుపుకునే చిన్న కార్ఖానాలో రంపం మిషన్, రంద మిషన్, గ్రైండరు, డ్రిల్లు వంటి వాటికి ఎంత మందం వైరు వేయాలి, ఏ ప్లగ్గు పెట్టాలి, ఎన్ని ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్) బిగించాలి అన్న లెక్కను లోడు లెక్క అంటారు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ అవసరం ఎక్కువగా వడ్రంగి పనితోనే వస్తుంది. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కర్ర మెత్తనిది, చేతి పనిముట్లకే లొంగుతుంది. టేకు, మద్ది దర్వాజల పని అలా కాదు. కర్ర గట్టిదైన కొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది.

మన ఇళ్లకు వచ్చే సింగిల్ ఫేజ్ సరఫరా 230 వోల్టులు. ఐఎస్ 1293 ప్రమాణం ప్రకారం ప్లగ్గులు 6, 16 ఆంపియర్లవి. పాత అలవాటు కొద్దీ కరెంటు పనివాళ్లు ఇప్పటికీ 5, 15 అనే అంటారు. 6 ఆంపియర్ల ప్లగ్గు మోయగలిగింది 1,380 వాట్లు. డ్రిల్లుకు, 4 అంగుళాల గ్రైండరుకు (సుమారు 700–850 వాట్లు) అది చాలు. మార్బుల్ కట్టరు 1,200 వాట్లు దాటుతుంది కాబట్టి దానికి మొదటి నుంచీ 16 ఆంపియర్ల ప్లగ్గే పెట్టాలి. పిన్ను నల్లబడినా, ప్లాస్టిక్ వాసన వచ్చినా ప్లగ్గు వదులైందని అర్థం. దాన్ని గీకి మళ్లీ వాడడం కన్నా మార్చేయడమే చవక.

బల్లకు బిగించిన మోటార్ల లెక్క వేరు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లే అయినా అది మోటారు బయటికి ఇచ్చే శక్తి. లోపలి నష్టాలు, పవర్ ఫ్యాక్టరు కలిపితే సింగిల్ ఫేజ్‌లో 1 హెచ్‌పీ మోటారు దాదాపు 6 ఆంపియర్లు, 2 హెచ్‌పీ మోటారు దాదాపు 12 ఆంపియర్లు తీసుకుంటాయి. స్విచ్ వేసిన క్షణంలో ఇది అయిదారు రెట్లవుతుంది. బి రకం ఎంసీబీ తన రేటింగుకు 3–5 రెట్ల దగ్గర, సి రకం 5–10 రెట్ల దగ్గర వెంటనే పడిపోతాయి. 2 హెచ్‌పీ మోటారు మొదట 70 ఆంపియర్లు లాగితే బి-16 నిలవకపోవచ్చు, సి-16 నిలుస్తుంది. మార్చాల్సింది రకాన్ని, రేటింగును కాదు.

ఎంసీబీ కాపాడేది మిషన్‌ను కాదు, వైరును. ఈ ప్రాంతంలో తరచూ జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు పైపులో సుమారు 20 ఆంపియర్లు మోస్తుందని కేటలాగులు చెబుతాయి. చుట్టూ 40 డిగ్రీల వేడి ఉంటుందన్న లెక్కతో ఇచ్చే అంకె అది. మే నెలలో ఆదిలాబాద్‌లో బయటే 45 డిగ్రీలు తగులుతుంది, రేకుల కింద 50 దాటినా ఆశ్చర్యం లేదు. మామూలు పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలు కాబట్టి 50 డిగ్రీల వేడిలో అదే వైరు మోసేది 16 ఆంపియర్లే. ఒకే పైపులో మరో రెండు లైన్లు లాగితే ఇంకా తగ్గుతుంది. ఎంసీబీని సరిచేసేది 30 డిగ్రీల వద్ద కనుక ఎండాకాలంలో అదీ కొంచెం ముందే పడుతుంది. అది చూసి 16 తీసి 32 బిగించేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత గోడలో వైరు మాడుతున్నా ఆపేది ఏదీ ఉండదు. రేకుల షెడ్డులో 16 ఆంపియర్ల లైనుకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేయడం దుబారా కాదు.

దూరం కూడా లెక్కే. మీటరు నుంచి షెడ్డు 30 మీటర్లు ఉండి, 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 1 హెచ్‌పీ మోటారు మొదలైతే (36 ఆంపియర్లు) దారిలోనే 26 వోల్టులు పోతాయి. 4 వైరులో పోయేది 10 వోల్టులు. మోటారు తిరగడానికి పెట్టే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది: మోటారుకు 200 వోల్టులే అందితే దాని బలం ముప్పావుకు దిగుతుంది. సాయంత్రం లో-వోల్టేజిలో రంపం కర్రలో బిగుసుకుపోయి మోటారు వైండింగు కాలిపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడక తప్పకపోతే చుట్టను పూర్తిగా విప్పాలి. చుట్టగా ఉంటే వేడి బయటికి పోదు.

లైన్లు పంచేటప్పుడు ఒకేసారి ఏవేవి నడుస్తాయో చూడాలి. ఒక్కరే పనిచేసే చోట రంపం, రంద కలిసి తిరగవు. రంపం, పొట్టు లాగే బ్లోయరు మాత్రం కలిసే తిరుగుతాయి కనుక వాటికి వేర్వేరు లైన్లు ఉండాలి. లైట్లు ఇంకో లైను మీద ఉండాలి. ఎంసీబీ పడి చీకటైతే తిరుగుతున్న బ్లేడు ముందు నిలబడ్డవాడి చేతికే ప్రమాదం. వెల్డింగ్ మిషన్‌ను 16 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించకూడదు.

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపే స్విచ్), సరైన ఎర్తింగు తప్పనిసరి. మొరం నేలలో ఎండాకాలం ఎర్తు గుంత ఎండిపోతుంది, నీళ్లు పోస్తుండాలి.

3 హెచ్‌పీ, ఆ పైన త్రీ ఫేజ్ మేలు: 3 హెచ్‌పీ మోటారు 415 వోల్టుల మీద తీసుకునేది సుమారు 5 ఆంపియర్లే. వ్యవసాయ పంపుసెట్టు లైను నుంచి లాగితే 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షను కింద అనధికార వాడకం అవుతుంది. కనెక్షను కోసం ఈ జిల్లాల్లో వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కంకు దరఖాస్తు చేయాలి. సిరిసిల్ల ప్రాంతంలో మాత్రం 1970 నుంచి ఉన్న సహకార విద్యుత్ సరఫరా సంఘం ‘సెస్’కు. మరమగ్గాలతో పాటు వడ్రంగి, కమ్మరి పనులకూ కుటీర పరిశ్రమల టారిఫ్ ఉంది. ఇంటి మీటరు మీదే మిషన్లు నడిపే ముందు దాని గురించి అడగాలి.