తూటాను ఎంచుకున్నది ఎవరు? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో వేట, తుపాకీ, చట్టం

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తరువాత మీరు:
• నాటు తుపాకీ మందుగుండుకూ, రిమ్‌ఫైర్ తూటాకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• 1878, 1959, 1972 చట్టాలు వేటగాడినీ, రైతునూ ఎలా ప్రభావితం చేశాయో చెప్పగలుగుతారు.
• పంటచేలలోని జింకల సమస్యకు ఉన్న చారిత్రక మూలాలను చర్చించగలుగుతారు.

పరిచయం

చిన్న జంతువుల వేటకూ, సరదాగా గురి చూసి కాల్చడానికీ ఏ తూటా మంచిది? ఈ ప్రశ్న అమెరికాలో అడిగితే దుకాణదారు నాలుగైదు రకాల డబ్బాలు ముందు పెట్టి ధర, బరువు, వేగం చెబుతాడు. అదే ప్రశ్న ఆదోనిలో అడిగితే జవాబు కోసం చరిత్రలోకి వెళ్ళవలసి ఉంటుంది. ఈ ప్రాంతంలో ఎవరి చేతిలో ఏ తూటా ఉండాలన్నది కొనేవాడి ఇష్టాన్ని బట్టి జరగలేదు. సుమారు నూట యాభై ఏళ్ళుగా దానిని చట్టమే నిర్ణయిస్తూ వచ్చింది. ఆ నిర్ణయాల వల్ల ఎవరు ఏమి పొందారు, ఏమి పోగొట్టుకున్నారు అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. నేల, వేటగాళ్ళు

తుంగభద్రకు దక్షిణాన నల్లరేగడి మైదానాలు, వాటి మధ్య ఆదోని కొండల వంటి రాతిగుట్టలు ఈ ప్రాంతపు స్వరూపం. జొన్న, కొర్ర, పత్తి పండే ఈ చేల గట్ల మీద కుందేళ్ళు, కౌజులు, పూరేడు పిట్టలు, బయళ్ళలో కృష్ణజింకలు ఉండేవి. 1800లో నిజాం ఈ భూభాగాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. ఆ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉంది. ఈ విషయాన్ని మీరు గుర్తుంచుకోవాలి. పాత రికార్డులలో ఆదోని గురించి వెతికేవారు బళ్ళారి జిల్లా పత్రాలు చూడాలి.

ఇక్కడి వేటతో ముడిపడిన ప్రధాన సమాజం బోయలు. 1909లో ప్రచురితమైన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం వారిలో ఊరుబోయలు, మ్యాసబోయలు అనే రెండు విభాగాలను పేర్కొంది. వల, ఉరి, విల్లు వారి పాత సాధనాలు. పాళెగాళ్ళ వద్దా, హైదర్ అలీ సైన్యంలోనూ సైనికులుగా పనిచేసినవారికి తుపాకీ కొత్త వస్తువు కాదు. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్ళ సైనిక శక్తిని అణచివేశాడు. దానితో ఆ కొలువులు పోయాయి. సేద్యం, కూలి, గ్రామ కావలి, వేట మిగిలాయి.

నాటు తుపాకీలో మందును గొట్టం మూతి నుంచి కూరతారు. సురేకారం, గంధకం, బొగ్గు కలిపితే మందు తయారవుతుంది. సీసపు ముక్కలే గుండ్లు. అంటే దాని మందుగుండును వాడుకునేవాడే తయారుచేసుకోగలడు. ఈ చిన్న సాంకేతిక విషయానికి రాజకీయ ప్రాధాన్యం ఉంది. సొంతంగా తయారుచేసుకునే మందుగుండును ప్రభుత్వం లెక్కపెట్టలేదు.

2. 1878 ఆయుధాల చట్టం

1857 తిరుగుబాటు తరువాత ప్రజల చేతిలోని ఆయుధాలు పాలకులకు భయకారణమయ్యాయి. లిట్టన్ వైస్రాయిగా ఉండగా 1878లో వచ్చిన ఆయుధాల చట్టం లైసెన్సును తప్పనిసరి చేసింది. తుపాకీతో పాటు మందుగుండు కూడా దాని పరిధిలోకి వచ్చింది. సీసం, గంధకం, సురేకారాల మీదా నియంత్రణ విధించే అధికారాన్ని ప్రభుత్వం తన వద్ద ఉంచుకుంది. దేశభాషా పత్రికలను కట్టడి చేసిన చట్టం కూడా అదే ఏడాదిదని మీరు ఇంతకు ముందు చదివే ఉంటారు.

ఈ చట్టం అందరికీ ఒకేలా వర్తించలేదు. యూరోపియన్లకు మినహాయింపులు ఉండేవి. భారతీయులలో కొడగు ప్రాంతపు కొడవలకు మినహాయింపు లభించింది, అది నేటికీ కొనసాగుతోంది. కొడవలూ బోయలూ ఇద్దరూ వేట, యుద్ధం తెలిసిన సమాజాలే. బ్రిటిష్ పాలనకు విధేయులని పేరు పొందినవారికి తుపాకీ గౌరవ చిహ్నంగా మిగిలింది. పాళెగాళ్ళ కొలువులో ఉన్నవారికి అది అనుమానానికి ఆధారమైంది. ఈ తేడాను కేవలం సంస్కృతి తేడాగా చూస్తే పొరపాటు అవుతుంది. 1930 జనవరిలో గాంధీజీ ప్రభుత్వం ముందుంచిన పదకొండు కోరికలలో ఆత్మరక్షణకు తుపాకీ లైసెన్సులు ఇవ్వాలన్నది కూడా ఉండటం ఈ చట్టం ప్రజల మనసులను ఎంత గాయపరచిందో తెలియజేస్తుంది.

3. రిమ్‌ఫైర్ తూటా రాక

ఇదే కాలంలో పాశ్చాత్య దేశాలలో మరో మార్పు వచ్చింది. 1845 ప్రాంతంలో ఫ్రాన్సులో ఫ్లోబేర్ ఇంటి లోపల గురి సాధనకు పనికివచ్చే చిన్న తూటాను రూపొందించాడు. 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ సంస్థ పాయింట్ 22 షార్ట్ తూటాను తెచ్చింది. 1887లో పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా వచ్చింది. ప్రపంచంలో నేడు ఎక్కువగా వాడే రిమ్‌ఫైర్ తూటా ఇదే.

‘రిమ్’ అంటే అంచు. ఈ తూటా ఇత్తడి గొట్టం అడుగున ఉన్న అంచులో, తాకిడికి అంటుకునే రసాయనం ఉంటుంది. తుపాకీలోని మొన ఆ అంచును నొక్కగానే అది మండి లోపలి మందును వెలిగిస్తుంది. అంచు నలగాలంటే ఇత్తడి పలుచగా ఉండాలి. పలుచని ఇత్తడి ఎక్కువ ఒత్తిడిని తట్టుకోలేదు. అందుకే ఇవి చిన్న తూటాలుగానే ఉండిపోయాయి. అంచు ఒకసారి నలిగాక ఆ గొట్టాన్ని తిరిగి నింపడం సాధారణంగా సాధ్యపడదు. ప్రతి తూటా కర్మాగారం నుంచే రావాలి. నాటు తుపాకీ మందుకు భిన్నంగా దీనిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, లైసెన్సు పుస్తకంలో రాయవచ్చు.

4. స్వతంత్ర భారతంలో రెండు చట్టాలు

1878 చట్టం స్థానంలో 1959 ఆయుధాల చట్టం వచ్చింది. 1962 అక్టోబరు 1 నుంచి అది అమలులో ఉంది. దాని 13వ సెక్షన్‌ను శ్రద్ధగా చదవండి. పంట కాపలా కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీని ఆ సెక్షన్ పేర్కొంటుంది. పాయింట్ 22 బోరు రైఫిల్‌ను గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుల గురి సాధనకు పేర్కొంటుంది. రైతుకు పాత ఆయుధం, క్లబ్బు సభ్యుడికి కొత్త ఆయుధం. అంటే ఏ పనికి ఏ తుపాకీ అన్న ఎంపికను చట్టమే చేసిపెట్టింది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో ఈ చట్టంలో ‘చిన్న వేట’కు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉండేది. 1991 సవరణ ఆ ఏర్పాటును తొలగించింది. కృష్ణజింక మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉంది. కుందేలు, కౌజు వేట కూడా నేరమే. కనుక మొదట అడిగిన ప్రశ్నలో మొదటి సగానికి, చిన్న జంతువుల వేటకు ఏ తూటా అన్నదానికి, నేడు ఈ ప్రాంతంలో చట్టబద్ధమైన జవాబు లేదు.

ఈ నిషేధానికి బలమైన కారణాలు ఉన్నాయి. బట్టమేక పిట్ట కోసం 1988లో అప్పటి కర్నూలు జిల్లాలోని రోళ్ళపాడులో అభయారణ్యం ఏర్పాటైంది. వేట, పచ్చిక బయళ్ళు తగ్గిపోవడం రెండూ కలిసి ఆ పక్షిని అంతరించే స్థితికి తెచ్చాయి. మరోవైపు, మొలకెత్తిన చేనులో జింకల మంద పడితే రైతు పెట్టుబడి ఒక్క రాత్రిలో పోతుంది. పంట కాపలాకు తుపాకీ లైసెన్సు ఉన్నా జింకను కాల్చే హక్కు రాదు. రైతు డబ్బా కొడుతూ, ఒడిసెల తిప్పుతూ మంచె మీద జాగారం చేయవలసిందే. జింకను కాపాడాలని దేశమంతా నిర్ణయించింది, ఆ కాపాడే ఖర్చులో పెద్ద భాగం మాత్రం చిన్న రైతు మీద పడింది. చరిత్ర విద్యార్థులుగా మీరు ఆలోచించవలసిన అసలు ప్రశ్న ఇది.

5. మిగిలినది గురి

ప్రశ్నలోని రెండో సగానికి జవాబు ఉంది. 1948లో ఏర్పడిన ఎన్.సి.సి. శిక్షణలో లక్షలాది విద్యార్థులు మొదట పట్టుకున్నది పాయింట్ 22 రైఫిల్‌నే. మీలో కొందరికీ ఆ అనుభవం ఉండవచ్చు. 1951లో జాతీయ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ విభాగంలో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. ఆ పోటీలో వాడేది పాయింట్ 22 రిమ్‌ఫైర్ తూటాయే.

గురి సాధనకు తూటాను ఎంచుకోవడంలో ముఖ్య సూత్రం ఒకటి ఉంది. సాధారణ గుండు బరువు సుమారు 2.6 గ్రాములు. ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. అంతకన్నా వేగంగా బయలుదేరిన గుండు దారిలో ఆ వేగానికి దిగువకు వచ్చేటప్పుడు కొంత చలిస్తుంది. అందుకే పోటీదారులు మొదటి నుంచీ ధ్వని కన్నా తక్కువ వేగంతో వెళ్ళే తూటాలను ఇష్టపడతారు. ఎక్కువ వేగం, మొన బోలుగా ఉన్న గుండు వేట కోసం తయారైనవి. చిన్న తూటా అని తేలికగా తీసుకోరాదు. ఆ గుండు కిలోమీటరుకు పైగా వెళ్ళగలదు. ఆదోని, ఎమ్మిగనూరుల వంటి బయలు నేలలో అడ్డు ఉండదు కనుక వెనుక మట్టికట్ట ఉన్న గుర్తింపు పొందిన రేంజిలోనే కాల్చాలి.

సారాంశం

సొంతంగా మందు కలుపుకునే వేటగాడి నుంచి, లెక్కపెట్టిన తూటాతో రేంజిలో నిలబడే క్రీడాకారిణి వరకు సాగిన మార్పును మనం చూశాం. ఈ మార్పులో ప్రభుత్వానికి నియంత్రణ, జింకకు ప్రాణం, క్రీడకు పతకాలు లభించాయి. బోయ వేటగాడు తన విద్యను కోల్పోయాడు. రైతు రాత్రి నిద్రను కోల్పోతూనే ఉన్నాడు. ఒక చట్టాన్ని అంచనా వేసేటప్పుడు ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి చదవడం అలవరచుకోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. రిమ్‌ఫైర్ తూటాను ప్రభుత్వం సులభంగా నియంత్రించగలగడానికి కారణమేమిటి?
2. 1878 చట్టం కింద కొడవల, బోయల స్థితిగతులను పోల్చండి.
3. మీ ఊరిలో పెద్దలను అడిగి, పంటను అడవి జంతువుల నుంచి కాపాడుకున్న పాత, కొత్త పద్ధతులను ఒక పేజీలో రాయండి.