కాలేజీ బేస్‌బాల్ జట్టుకు ముందుగా మాట ఇవ్వవచ్చునా?

బళ్ళారి, హోసూరు, పర్లాకిమిడి వంటి ప్రాంతాల నుండి చదువుల కోసం, ఉద్యోగాల కోసం వెళ్ళి అమెరికాలో స్థిరపడిన తెలుగువారు ఉన్నారు. అక్కడ పుట్టి పెరిగే పిల్లలకు మన క్రికెట్ కంటే బేస్‌బాల్ చేరువైన ఆట. పదహారేళ్ళ మనవడు ఆ ఆటలో రాణించినప్పుడు ఏదో ఒక కాలేజీ శిక్షకుడు "మా జట్టులో చేరతానని ఇప్పుడే మాట ఇవ్వు" అని అడగవచ్చును. అప్పుడు ఇక్కడి తాతయ్యకు, అమ్మమ్మకు కూడా ఫోను వస్తుంది. ఆట నియమాలు మనకు తెలియకపోయినా, ఆ మాటకు గల విలువ ఎంతో తెలుసుకొనడం అవసరం. పిల్లవాని నాలుగేళ్ళ చదువు, తల్లిదండ్రులు చెల్లించే రుసుము ఆ నిర్ణయం మీద ఆధారపడి ఉంటాయి.

కాలేజీ ఆటల వ్యవస్థ

మన దేశంలో చాలావరకు ఆట ఒక దారి, చదువు మరొక దారి. అమెరికాలో ఈ రెండు దారులూ కాలేజీ ప్రాంగణంలో కలుస్తాయి. 1906లో ఏర్పడిన జాతీయ కాలేజీ క్రీడా సంఘాన్ని ఎన్‌సీఏఏ అంటారు. దాని కింద కాలేజీలు మూడు శ్రేణులుగా ఉన్నాయి. మొదటి శ్రేణిలో సుమారు 300 కాలేజీలకు బేస్‌బాల్ జట్లు ఉన్నాయి. రెండవ శ్రేణిలో ఉపకార వేతనాలు తక్కువ. మూడవ శ్రేణిలో ఆట పేరిట ఉపకార వేతనం ఇవ్వరు. మార్కులను బట్టి, కుటుంబ ఆదాయాన్ని బట్టి మాత్రమే సహాయం ఉంటుంది. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ విద్యాసంస్థలు మొదటి శ్రేణిలో ఆడుతున్నప్పటికీ ఆట కోసం ఉపకార వేతనం ఇవ్వవు. ఇవి గాక రెండేళ్ళ జూనియర్ కాలేజీలు కూడా ఉన్నాయి.

ఉపకార వేతనం అనగానే చదువు పూర్తిగా ఉచితమని మనవారు భావిస్తారు. బేస్‌బాల్‌లో అది అరుదు. మొదటి శ్రేణి జట్టుకు చాలా ఏళ్ళపాటు 11.7 పూర్తి వేతనాలు మాత్రమే అనుమతించేవారు. వాటిని ముక్కలు చేసి 27 మంది వరకు పంచేవారు. కోర్టు ఆమోదించిన ఒక రాజీ ఒప్పందం ప్రకారం 2025-26 విద్యాసంవత్సరం నుండి, ఆ ఒప్పందంలో చేరిన కాలేజీలకు ఈ పరిమితి పోయింది. దాని స్థానంలో జట్టులో 34 మందికి మించి ఉండరాదనే నియమం వచ్చింది. అంటే డబ్బు ఇచ్చే వీలు పెరిగింది గాని చోటు తగ్గింది. వీలున్నంత మాత్రాన ప్రతి కాలేజీ అంత డబ్బు ఇస్తుందని కాదు.

నోటిమాటకు విలువ ఎంత?

పెళ్ళి సంబంధాలలో మాట అనుకొనడం వేరు, తాంబూలాలు పుచ్చుకొనడం వేరు. కాలేజీ శిక్షకునికి పిల్లవాడు ఇచ్చే మాట మొదటి కోవకు చెందినది. అది చట్టరీత్యా ఇరుపక్షాలలో ఎవరినీ కట్టివేయదు. పిల్లవాడు మనసు మార్చుకొనవచ్చును, శిక్షకుడూ మార్చుకొనవచ్చును. వ్రాతపూర్వకమైన ఆర్థిక సహాయ ఒప్పందం హైస్కూలు చివరి సంవత్సరంలో, అనగా పన్నెండవ తరగతి నవంబరు నెలలో గాని సంతకానికి రాదు. 1964 నుండి అమలులో ఉన్న జాతీయ సమ్మతి పత్రం అనే పద్ధతిని 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు కాలేజీ ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందమే ప్రధాన పత్రం.

పూర్వం ఎనిమిదవ, తొమ్మిదవ తరగతి పిల్లలు సైతం కాలేజీలకు మాట ఇచ్చిన సందర్భాలు బేస్‌బాల్‌లో ఉన్నాయి. గొంతు మారని పిల్లవాడు పద్దెనిమిదేళ్ళ వయసులో ఎంత పొడవు పెరుగుతాడో, బంతిని ఎంత వేగంగా విసురుతాడో ఎవరు చెప్పగలరు? ఈ ధోరణిని అరికట్టడానికి 2023లో మొదటి శ్రేణిలో కొత్త నియమం తెచ్చారు. పదకొండవ తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1వ తేదీ వరకు శిక్షకులు పిల్లలతో చేరిక విషయం మాట్లాడరాదు. అందుచేత నేడు "ముందుగా" అంటే పదకొండవ తరగతి ఆరంభంలో అని అర్థం. అప్పటి నుండి సంతకం వరకు సుమారు పదిహేను నెలల ఎడం ఉంటుంది. చిక్కులన్నీ ఆ ఎడంలోనే ఉన్నాయి.

ముందుగా ఒప్పుకొనడంలోని మేలు

ఇందులో మేలు లేకపోలేదు. వేసవి సెలవులలో ఊరూరా జరిగే ప్రదర్శన పోటీలకు వెళ్ళడానికి ప్రయాణం, బస, ప్రవేశ రుసుము అన్నీ కుటుంబమే భరించాలి. ఒక చోటు కుదిరితే ఆ ఖర్చు తగ్గించుకొనవచ్చును. ఎవరో చూస్తున్నారనే తపనతో పిల్లవాడు భుజం అరగదీసుకొనడం కూడా తగ్గుతుంది. బంతి విసిరే వానికి ఇది చిన్న సంగతి కాదు. 15, 16 ఏళ్ళ పిల్లలు ఒక రోజులో 95 బంతులకు మించి విసరరాదని, 76 బంతులు దాటితే నాలుగు రోజులు విశ్రాంతి తీసుకోవాలని అక్కడి బేస్‌బాల్ సంస్థల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ప్రదర్శనల మోజులో ఈ హద్దును మరచేవారు ఉంటారు.

జట్టులో చోట్లు పరిమితం గనుక నచ్చిన కాలేజీలో ముందుగా మాట కుదరడం కొందరికి నిజంగానే లాభం. ఆ కాలేజీ చదువు మంచిదై, ఇంటికి దగ్గరై, ఖర్చు భరించగలిగినదై ఉంటే ఆలస్యం చేయడం వలన ఒరిగేది లేదు.

కీడు ఎక్కడ ఉన్నది?

మొదటిది, శిక్షకుడు మారడం. 2024 జూన్‌లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ జట్టు ఒమాహా నగరంలో జరిగిన జాతీయ అంతిమ పోటీలో టెనెసీ చేతిలో ఓడిపోయింది. ఆ వెంటనే దాని శిక్షకుడు జిమ్ ష్లాస్‌నేగల్ ప్రత్యర్థి సంస్థ అయిన టెక్సాస్ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయాడు. శిక్షకుని చూసి మాట ఇచ్చిన పిల్లలు ఇటువంటి వేళ కొత్తవాని దయపై ఆధారపడవలసి వస్తుంది.

రెండవది, జట్టే లేకుండా పోవడం. బాయిసీ స్టేట్ విశ్వవిద్యాలయం అనేక దశాబ్దాల తరువాత 2020లో బేస్‌బాల్ జట్టును తిరిగి నిలబెట్టింది. ఖర్చు తగ్గించుకొనే పేరిట ఆ ఏడాది జులైలోనే దానిని మూసివేసింది.

మూడవది, ఇతర కాలేజీల నుండి వచ్చే ఆటగాళ్ళు. 2018లో బదిలీల నమోదు పద్ధతి వచ్చింది. 2024 నుండి మార్కుల అర్హత ఉన్న విద్యార్థి ఎన్నిసార్లయినా కాలేజీ మారి వెంటనే ఆడవచ్చును. ఇరవై ఒక్క ఏళ్ళ అనుభవజ్ఞుడు దొరుకుతున్నప్పుడు పద్దెనిమిదేళ్ళ కుర్రవానికి చోటు అట్టిపెట్టే శిక్షకులు తక్కువ.

నాలుగవది, పిల్లవాడే మారడం. న్యూయార్క్ మెట్స్ తరఫున 2018, 2019లలో ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం పొందిన జేకబ్ డీగ్రామ్, స్టెట్సన్ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు పిచ్చర్ కాదు. మైదానంలో బంతి ఆపేవాడు. మూడవ సంవత్సరంలో గాని అతడు బంతి విసరడం మొదలుపెట్టలేదు. పదహారేళ్ళకు కనబడని ప్రతిభ ఇరవై ఏళ్ళకు బయటపడవచ్చును. పదహారేళ్ళకు మెరిసినది తరువాత మసకబారనూ వచ్చును.

వృత్తి ఆట ఆశ

నాలుగేళ్ళ కాలేజీలో చేరిన ఆటగాడు మూడవ సంవత్సరం ముగిసే వరకు, లేదా 21 ఏళ్ళు నిండే వరకు వృత్తి జట్ల ఎంపికకు అర్హుడు కాడు. జూనియర్ కాలేజీలో ఈ నిర్బంధం లేదు. ఈ ఎంపిక 2021 నుండి 20 విడతలకు కుదించబడింది; అంతకు ముందు 40 విడతలు ఉండేవి. కనుక కాలేజీ మైదానంలో ఆడేవారిలో అత్యధికులు చివరికి చదువు మీదనే బ్రతకవలసినవారు.

భారతీయ మూలాలు గల కుమార్ రాకర్ ఉదంతం ఇందుకు తార్కాణం. అతని తల్లి భారతీయ సంతతికి చెందినది. 2018లో హైస్కూలు ముగియగానే కొలరాడో రాకీస్ జట్టు అతనిని 38వ విడతలో ఎంచుకొన్నది. అతడు ఒప్పుకొనక వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2019లో అతని కాలేజీ జాతీయ విజేత అయింది. ఆ పోటీలలో అతడే ఉత్తమ ఆటగాడు. 2021లో మెట్స్ మొదటి విడతలోనే ఎంచుకొన్నా, ఆరోగ్య పరీక్షల కారణంగా ఒప్పందం కుదరలేదు. 2022లో టెక్సాస్ రేంజర్స్ మూడవ స్థానంలో ఎంచుకొన్నది. 2024లో గాని పెద్ద జట్టులో అడుగు పెట్టలేదు. అంతటి ప్రతిభావంతుని దారిలోనే ఇన్ని మలుపులు ఉన్నప్పుడు తక్కినవారికి చదువు అనే ఆసరా ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

మాట ఇచ్చే ముందు అడగవలసినవి

శిక్షకునితో మర్యాదగా, సూటిగా ఈ విషయాలు అడగడంలో తప్పు లేదు. ఏడాదికి మొత్తం ఖర్చులో ఎంత భాగం కాలేజీ భరిస్తుంది? ఆ హామీ ఒక్క ఏడాదికా, నాలుగేళ్ళకా? గాయపడితే సహాయం కొనసాగుతుందా? ఈ పిల్లవాడు ఆడే స్థానానికే ఇంకెందరికి మాట ఇచ్చారు? గత రెండేళ్ళలో హైస్కూలు నుండి తీసుకొన్నవారిలో ఎందరు జట్టులో మిగిలి ఉన్నారు? మాట ఇవ్వడానికి గడువు ఎంత? ఆలోచనకు రెండు వారాలైనా ఇవ్వని శిక్షకుని తొందరను కుటుంబం అనుమానించడమే మంచిది.

మార్కుల సంగతి మరువరాదు. మొదటి శ్రేణిలో ఆడాలంటే హైస్కూలులో నిర్ణీతమైన 16 ముఖ్య పాఠ్యాంశాలు పూర్తిచేసి, వాటిలో కనీసం 2.3 గ్రేడు సగటు సాధించాలి. అందులో 10 పాఠ్యాంశాలు పన్నెండవ తరగతికి ముందే పూర్తి కావాలి. మాట కుదిరిందని చదువు వదిలినవానికి మైదానమూ దక్కదు.

తుది నిర్ణయం

ఈ ప్రశ్నలన్నిటి తరువాత పిల్లవానిని ఒక్క మాట అడగాలి: "రేపు చేయి విరిగి ఆట ఆగిపోతే, ఆ కాలేజీలోనే చదువుకొనడం నీకు ఇష్టమా? ఆ ఖర్చు అమ్మానాన్నలు భరించగలరా?" రెండింటికీ అవునని జవాబు వస్తే ముందుగా మాట ఇవ్వడానికి సంకోచించనక్కరలేదు. ఏ ఒక్కదానికి కాదని వచ్చినా వేచి ఉండడం మేలు. మాట ఇచ్చిన తరువాత కూడా సంతకం అయ్యే వరకు మార్కులు నిలుపుకొంటూ, మరొక కాలేజీకి చదువు ప్రాతిపదికన దరఖాస్తు పెట్టి ఉంచాలి. మనసు మారితే శిక్షకునికి స్వయంగా ఫోను చేసి, కృతజ్ఞతతో ఆ సంగతి తెలపాలి. అక్కడి చట్టం ఆ మాటను కట్టివేయకపోయినా, ఇచ్చిన మాటను గౌరవించడం పిల్లవానికి ఇంటి పెద్దలే నేర్పాలి.