పావు యాక్సిలేటర్ కథ

మోటారు సైకిల్ సత్తా తెలిసేది వంద కిలోమీటర్ల వేగంలో కాదు. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర పచ్చ లైటు వెలిగి, వెనక బస్సు హారన్ కొడుతున్నప్పుడు తెలుస్తుంది. యాక్సిలేటర్ పావు వంతు తిప్పగానే బండి కదలాలి. అలా కాకుండా క్షణంపాటు మూలిగి, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకితే దానికి లో స్పీడు పికప్ లేదంటాం. విజయవాడ ఆటోనగర్‌లో నేను పని నేర్చుకున్నప్పుడు ఈ ఫిర్యాదు ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని బాగుచేసే విద్య మాత్రం చాలా మారింది.

ఈ జబ్బు మూలం కార్బరేటర్ పుట్టుకలోనే ఉంది. పెట్రోలును సన్నటి జెట్ గుండా గాలిలోకి చిమ్మించే కార్బరేటర్‌ను 1893లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాఖ్ తయారుచేశాడు. ఇరుకు దారిలో గాలి వేగం పెరిగితే అక్కడ పీడనం తగ్గి, పెట్రోలు పైకి లేస్తుంది. యాక్సిలేటర్‌ను ఒక్కసారి తెరిస్తే తేలికైన గాలి ముందు వచ్చేస్తుంది, బరువైన పెట్రోలు వెనకబడుతుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క తప్పి మిశ్రమం పలచబడిన క్షణంలోనే బండి తటపటాయిస్తుంది.

బర్మింగ్‌హామ్‌లో తయారైన ఏమల్ కార్బరేటర్లు దీనికి పని పంపకంతో జవాబు చెప్పాయి. ఐడ్లింగ్‌నూ తొలి వంతునూ స్లో జెట్, ఎయిర్ స్క్రూ చూసుకుంటాయి. ఆపైన గాలి దారిని తెరిచే స్లైడ్ అడుగున ఉన్న కోత, మధ్యలో నీడిల్, పూర్తిగా తెరిచినప్పుడు మెయిన్ జెట్ అందుకుంటాయి. జపాన్ మికునీలోనూ, మన బుల్లెట్లకు వచ్చిన మిక్‌కార్బ్‌లోనూ ఇదే పద్ధతి.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. దాని బుల్లెట్ ఫ్లైవీల్ బరువైనది కాబట్టి కార్బరేటర్‌లో చిన్న లోపమున్నా ఆ ఊపులోనే బండి నడిచిపోయేది. 1983లో రాజ్‌దూత్ 350 వచ్చాక లోపాలు దాగడం మానేశాయి. దానికి రెండు సిలిండర్లు, రెండు కార్బరేటర్లు. రెండు స్లైడ్లూ ఒకే ఎత్తున లేవకపోతే కింది వేగాల్లో ఇంజిను కుంటేది. 1985లో యమహా ఆర్ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ బండి అంత చురుగ్గా ఉరకడంలో రీడ్ వాల్వ్ పాత్ర పెద్దది. లోపలికెళ్లిన మిశ్రమం వెనక్కి రాకుండా ఆపే సన్నటి రేకులవి. వాటి అంచు విరిగితే స్టార్టింగూ పోతుంది, లో స్పీడూ పోతుంది.

మా గురువుగారు మాకు నేర్పిన క్రమం ఈ బళ్ల మీదే. కార్బరేటర్ ముట్టుకునే ముందు ఎయిర్ ఫిల్టర్, ప్లగ్, యాక్సిలేటర్ కేబుల్ లూజు, ఇంజినుకూ కార్బరేటర్‌కూ మధ్య రబ్బరు పగుళ్లు చూడాలి. ఇంజిను వేడెక్కాక ఎయిర్ స్క్రూ మెత్తగా చివరిదాకా బిగించి, పావు చుట్టు చొప్పున వదులుతూ వినాలి. ఇంజిను ఎక్కడ వేగంగా, నిలకడగా తిరిగితే అక్కడ ఆగాలి. స్లో జెట్‌లో ఇనుప తీగ పెట్టనిచ్చేవారు కాదు. ఇత్తడి రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా ఆ జెట్ ఇక పనికిరాదు. సౌండు కోసం ఫిల్టర్ తీసేసి, ఫ్రీ ఫ్లో సైలెన్సర్ బిగించుకుని వచ్చే కుర్రాళ్ల బళ్లలో గాలి పెరిగి కింది పికప్ చచ్చేది. ముందు ఆ రెండూ పాతవి పెట్టించాకే ఆయన స్క్రూడ్రైవర్ పట్టేవారు.

1999లో హీరో హోండా సీబీజెడ్, యాక్సిలేటర్ తెరవగానే బండి తటపటాయించే ఆ క్షణం కోసమే ఒక పంపు తెచ్చింది. యాక్సిలేటర్ వేగంగా తిప్పితే అది అదనంగా పెట్రోలు చిమ్ముతుంది. తర్వాత 150 సీసీ బళ్లలో సీవీ కార్బరేటర్లు విరివిగా వచ్చాయి. వాటిలో స్లైడ్‌ను లేపేది కేబుల్ కాదు, ఇంజిను పీల్పు. అందుకే పలచటి డయాఫ్రమ్‌కు చిల్లి పడితే ఎంత తిప్పినా బండి సరిగా లేవదు.

ఆ తర్వాత కార్బరేటర్ స్థానంలోకి ఇంజెక్షన్ రావడం మొదలైంది. 2006లో హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐ ఇంజెక్షన్‌తో వచ్చింది. 2007లో పల్సర్ 220 ఇంజెక్షన్‌తో వచ్చి, 2009లో మళ్లీ కార్బరేటర్‌కు మారింది. 2008లో వచ్చిన యమహా ఆర్15 మాత్రం ఇంజెక్షన్ మీదే నిలబడింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నియమాలు అమల్లోకి వచ్చాక కొత్త బళ్లలో కార్బరేటర్ దాదాపు కనుమరుగైంది.

ఇంజెక్షన్ బండిలో థ్రాటిల్ ఎంత తెరుచుకుందో సెన్సర్ చెబుతుంది, పెట్రోలు ఎంత పోయాలో కంప్యూటర్ లెక్కిస్తుంది. అయినా థ్రాటిల్ బాడీలో కార్బన్ పేరుకుంటే పాత తటపటాయింపు మళ్లీ వస్తుంది. ఫిల్టర్, ప్లగ్, కేబుల్ చూడకుండా స్కానర్ తగిలించి సెన్సర్ మార్చేస్తే కస్టమర్ డబ్బు వృథా.

ఇప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బరేటర్లో మిశ్రమం మరింత పలచబడుతుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కొత్త బండి తనను తాను సర్దుకుంటుంది. పాత ఆర్ఎక్స్‌కు ఆ సర్దుబాటు మనిషే చెయ్యాలి.

అందుకే షెడ్డు నడిపేవాళ్లను కోరుతున్నాను. కుర్రాళ్లకు స్కానర్ నేర్పండి, దాంతోపాటు ఎయిర్ స్క్రూ తిప్పి వినడమూ నేర్పండి. పాత బండి ఉన్నవాళ్లు కంపెనీ జెట్లు, ఫిల్టర్ డబ్బా పారెయ్యకుండా దాచుకోండి. పికప్ పోయిందని ఎవరైనా సిలిండర్ బోరు చేయించమంటే, ముందు ఫిల్టర్, ప్లగ్, స్లో జెట్ చూడమని అడగండి.