రెండో తరగతి, మొదటి రోజు

2021 సెప్టెంబర్ 1, బుధవారం. కరీంనగర్ జిల్లాలోని ఒక ఊరు, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఇంకా తొమ్మిది కాలేదు. మీరు గేటు పక్కన వేపచెట్టు కింద నిలబడ్డారు. ఆవరణలో మోకాలెత్తు పెరిగిన గడ్డిని నిన్ననే చెక్కించారు, పచ్చివాసన ఇంకా పోలేదు. పంచాయతీ సఫాయి వాళ్లు గదులు కడిగి వెళ్లారు. మెట్ల మీద బ్లీచింగ్ పొడి చారలు కట్టింది.

వరండాలో హెడ్మాస్టరు ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించి మాట్లాడుతున్నారు. "వచ్చినోళ్లను కూసోబెడ్తం సార్. రానోళ్లను ఎందుకు రాలేదని అడగం." ఈ జాగ్రత్తకు కారణముంది. పిల్లలను బడికి రమ్మని బలవంతపెట్టొద్దని, గురుకులాలు, హాస్టళ్లు ఇప్పుడే తెరవొద్దని నిన్ననే హైకోర్టు చెప్పింది. తెల్లారితే బడి. ఏం చేయాలో, ఏం చేయకూడదో తేల్చుకునేలోపే గేటు తీయాల్సి వచ్చింది.

పిల్లలు వస్తున్నారు. పాత యూనిఫాంలు పొట్టివైపోయాయి, చేతులు మణికట్ల పైదాకా బయటికి వచ్చాయి. కొందరికి మాస్కులున్నాయి, కొందరికి నాన్న దస్తీ. ఓ ఇద్దరు గేటు దాటకముందే మాస్కులు మార్చుకున్నారు. ఒకడిదాని మీద పులి బొమ్మ ఉంది మరి. మేడం థర్మల్ గన్ను నుదుటికి పెట్టగానే ఓ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది. శానిటైజర్ దగ్గర మాత్రం ఎవరికీ భయం లేదు. చేతులు రుద్దుకుని, వాసన చూసుకుని, మళ్లీ వరుస చివరికి వెళ్లి నిలబడుతున్నారు.

ఇక్కడ కొంచెం ఆగి ఈ వరుసను చూడండి. కరోనా వల్ల రాష్ట్రంలో బడులు మూతపడింది 2020 మార్చి 16న. నడుమ 2021 ఫిబ్రవరిలో తెరిచినా అది ఆరో తరగతి, ఆ పైవాళ్లకే. వాళ్లకూ మార్చి 24 నుంచి మళ్లీ సెలవులే. ప్రాథమిక బడికి ఆ కొద్ది రోజుల భాగ్యం కూడా లేదు. అంటే, 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలు ఇవాళ రెండో తరగతి. వాళ్లు ఇంతవరకూ ఒక్క రోజు కూడా తరగతి గదిలో కూర్చోలేదు. దూరదర్శన్ యాదగిరిలో, టీ-సాట్‌లో నిరుడు మొదలైన పాఠాలు మూడో తరగతి నుంచి పైకే. ఒకటి, రెండు తరగతులకు టీవీలో కూడా బడి లేదు. పెద్దలంతా బడికి తిరిగొచ్చారని అంటున్న పిల్లల్లో వీళ్లూ లెక్కే.

గంట మోగింది. పిల్లలు గుమిగూడకూడదు కాబట్టి ప్రార్థన లేదు, ప్రతిజ్ఞ లేదు. ఆ ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావుది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. తెలంగాణవాడు 1962లో రాసింది దేశమంతా చదువుతుంది. ఇక్కడి రెండో తరగతికి మాత్రం అదొకటుందనే తెలియదు.

మీరు లోపలికి వచ్చి వెనక గోడకు ఆనుకోండి. ఐదు తరగతులకు ఇద్దరే టీచర్లు, ఒకటి, రెండు, మూడు ఒకే గదిలో. హెడ్మాస్టరు సారే రిజిస్టరు తెరిచి పేర్లు పిలుస్తున్నారు. మూడో తరగతి వాళ్లు "ఎస్ సార్" అంటున్నారు. ఒక కుర్రాడు లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అన్నాడు. వాడి పాత బ్యాగు మీద ఏదో ప్రైవేటు బడి పేరు సగం చెరిగిపోయి ఉంది. ఫీజు కట్టలేక ఇటు మారినవాళ్లు ఈ ఏడాది చాలా బడుల్లో కనబడుతున్నారు. ఆ తర్వాత రెండో తరగతి పేరు పిలిస్తే జవాబు లేదు. మళ్లీ పిలిచారు. కిటికీ పక్క పిల్లాడు సార్ వైపే చూస్తున్నాడు, మాట్లాడడు.

"నువ్వేనారా?"

"నేనే."

"మరి పిలిస్తే పలుకవేందిరా?"

"ఈడనే ఉన్న గద సార్!"

గదంతా నవ్వింది. నవ్వని మనిషి ఒక్కతే, తలుపు దగ్గర నిలబడిన వాడి అక్క. గురుకులంలో ఏడో తరగతి. తన బడికి తాళం పడే ఉంది, తమ్ముడిని దింపడానికి వచ్చి వెళ్లకుండా నిలబడింది. "అనాలె. ఎస్ సార్ అనాలె," అని వాడికి సైగ చేస్తోంది.

సార్ పాఠం మొదలుపెట్టలేదు. అడగడం మొదలుపెట్టారు, అదే మంచి పని. బోర్డు మీద 15 వేసి అదెంతని కిటికీ పక్క పిల్లాడిని అడిగారు. వాడు తల వంచుకున్నాడు. సార్ సుద్దముక్క కింద పెట్టి, "పత్తి ఏర పోయినవా నిరుడు?" అన్నారు. పోయిండు. అమ్మతోని. "పదిహేను కిలోలు ఏరితే, కిలోకు పది రూపాయలైతే ఎంతొస్తది?"

"నూటయాభై." క్షణం ఆలస్యం లేదు. "సంచి బరువు తీసేస్తరు సార్, అంత రాదు."

ఈ ఏడాదిన్నరలో పిల్లలు ఏమీ నేర్వలేదనడం తేలిక. వీడికి కూలి లెక్క వచ్చు, తూకంలో పోయేదెంతో కూడా తెలుసు. అంకె రాయడం రాదు, అంతే. ఆ రెంటినీ కలపడానికి కావలసింది టీవీ కాదు, వాడి ముందు కూర్చునే ఇలాంటి మనిషి.

మూడో తరగతి అమ్మాయి సంగతి వేరు. ఆమె ఒకటో తరగతి చివరిదాకా బడికి వచ్చింది, అక్షరాలు నేర్చింది. ఇప్పుడు చేతిలో పరిసరాల విజ్ఞానం కొత్త పుస్తకం. మొదటి వాక్యం మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం పట్టుకుని వెళ్తూ ఒక ఒత్తు దగ్గర ఆగిపోయింది. చదవడం తెలియనివాళ్లు పుస్తకాన్ని చూసి సిగ్గుపడరు, ఒకప్పుడు వచ్చి మరిచినవాళ్లకే ఆ సిగ్గు. మరుసటి ఏడాది అసర్ సర్వే దీన్ని అంకెల్లో చెబుతుంది: దేశంలోని పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 27.3 శాతం, 2022లో 20.5 శాతం. రాష్ట్రం 'తొలిమెట్టు' పేరుతో మొదటి నుంచి చదువు చెప్పించేదీ 2022 ఆగస్టు నుంచే. ఈ గదికి అంతదాకా ఆగే వీలు లేదు.

మధ్యాహ్నం వంటక్క గుండిగ మూత తీసింది. సన్నబియ్యం అన్నం, పప్పు. ఇంటి నుంచి తెచ్చుకున్న ప్లేట్లు పట్టుకుని దూరదూరంగా కూర్చోబెట్టారు. పది ముద్దలు తినేసరికి ఆ దూరం పోయింది. ఒకరి మామిడికాయ తొక్కు ముగ్గురి ప్లేట్లలోకి వెళ్లింది. మేడం చూసింది. ఏదో అనబోయి, నీళ్ల డ్రమ్ము వైపు తిరిగింది.

అన్నాల తర్వాత సార్ పిల్లలను మళ్లీ కూర్చోబెట్టారు, ఈసారి తరగతుల ప్రకారం కాదు. అక్షరాలు వచ్చినవాళ్లు ఒక పక్క, రానివాళ్లు ఒక పక్క. మూడో తరగతి నుంచి ఐదుగురు లేచి ఒకటో తరగతి పక్కన కూర్చోవాల్సి వచ్చింది. ప్రైవేటు బడి నుంచి వచ్చిన కుర్రాడు కదల్లేదు.

"నేను థర్డ్ క్లాస్ సార్."

"తెలుసు బిడ్డా. పేరు రిజిస్టర్ల అట్లనే ఉంటది. నువ్వు ఇటు రా."

వాడు లేచి, బ్యాగును ముందుకు తన్నుకుంటూ వచ్చి కూర్చున్నాడు. ఒకటో తరగతి తెలుగు వాచకాలు ఒకటో తరగతి పిల్లల లెక్క ప్రకారమే వచ్చాయి. పంచుతుంటే సగంలో అయిపోయాయి. సార్ బీరువా తాళం చెవి గురుకులం అమ్మాయికిచ్చి, కింది అరలో చెదలు పట్టని పాత వాచకాలేమైనా ఉంటే ఏరి తెమ్మన్నారు.