చిత్తడి గాలికి కరెంటు కళ్లెం

1776 నవంబరులో ఇటలీలోని మజ్జోరె సరస్సు ఒడ్డున, అంజెరా దగ్గర, అలెస్సాండ్రో వోల్టా బురదను కెలికి, పైకి తేలిన బుడగలను పట్టాడు. మంట తగిలితే అంటుకునే ఆ గాలే మీథేన్. మూసిన పాత్రలో దానికి విద్యుత్ నిప్పురవ్వ తగిలించి పేల్చి చూశాడు కూడా. 1800లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాసి బ్యాటరీని లోకానికి పరిచయం చేసిందీ ఆయనే. మీథేనూ, నిలకడగా పారే కరెంటూ ఒకే మనిషి చేతిమీదుగా వచ్చాయన్నమాట. ఆ రెండూ కలిసి పేలుడుకు బదులు పనికొచ్చే సరుకు ఇవ్వడానికి మాత్రం రెండు శతాబ్దాలు దాటింది.

అడ్డంకి మీథేన్ స్వభావంలోనే ఉంది. ఒక కార్బన్ చుట్టూ నాలుగు హైడ్రోజన్లు. మొదటి హైడ్రోజన్‌ను ఊడబెరకాలంటేనే మోలుకు సుమారు 439 కిలోజౌల్స్ కావాలి. పైగా, మనకు కావలసిన సరుకైన మిథనాల్ అనే ద్రవం మీథేన్ కంటే తేలిగ్గా మండుతుంది. చేసిన సరుకు చేతికి రాకముందే బొగ్గుపులుసు వాయువైపోతుంది. అందుకే ఫ్యాక్టరీలు చుట్టుదారి పట్టాయి. 800 డిగ్రీలు దాటిన వేడిలో మీథేన్‌ను ఆవిరితో కలిపి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్‌గా మారుస్తాయి. ఆ రెంటినీ ఒత్తిడి మీద మళ్లీ కలిపి మిథనాల్ చేస్తాయి. అంతటి కర్మాగారాన్ని మారుమూల చమురు బావి బావికీ కట్టలేక చాలాచోట్ల గ్యాస్‌ను ఊరికే మండించేస్తున్నారు. ఇంత విలువైన వాయువుకు అదొక అన్యాయమైన చావు.

కరెంటుతో సేంద్రియ రసాయనాలు చేయడం కొత్త కాదు. 1840లలోనే జర్మన్ రసాయనవేత్త కోల్బె వెనిగర్ ఆమ్లపు లవణంలోకి కరెంటు పంపి ఈథేన్ రాబట్టాడు. కానీ అది ఎదురు దారి: ఆమ్లం నుంచి హైడ్రోకార్బన్‌కు.

అసలు మలుపు సోవియట్ దేశంలో వచ్చింది. నీళ్లలో కరిగిన ప్లాటినం లవణం నూరు పైచిలుకు డిగ్రీల్లోనే మీథేన్ బంధాన్ని తెరుస్తుందని అలెగ్జాండర్ షిలోవ్ బృందం 1969లో పసిగట్టింది. 1972 నాటికి మీథేన్ నుంచి మిథనాల్ కూడా తీసింది. చిక్కల్లా ఖర్చే. ఒక్కో మిథనాల్ అణువుకు ఎలక్ట్రాన్లు తగ్గిన మరో ప్లాటినం అయాన్ ఎలక్ట్రాన్లను పుచ్చుకుని ఖర్చయ్యేది. చవక ద్రవం కోసం ఖరీదైన లోహం!

ఆ ఎలక్ట్రాన్లను కరెంటే లాగేసి, వాడిన ప్లాటినాన్ని మళ్లీ పనికి సిద్ధం చేయగలదని 2019లో ఎంఐటీలో యోగేశ్ సురేంద్రనాథ్, సోయంగ్ కిమ్ చూపించారు. ఇందులో నాకు బాగా నచ్చింది వాళ్ల జాగ్రత్త. మామూలుగా ప్లాటినం ఎలక్ట్రోడే మిథనాల్‌ను కాల్చేస్తుంది. దాని ఒంటికి క్లోరైడ్ అతుక్కుని ఉంటే ఆ పని మానేస్తుంది, అయాన్ల నుంచి ఎలక్ట్రాన్లు లాగడం మాత్రం మానదు. కరెంటు ఎక్కువైతే బంధం తెరిచే ప్లాటినం మిగలదు, తక్కువైతే లోహంగా పేరుకుపోతుంది. అందుకే ద్రావణాన్ని కనిపెడుతూ కరెంటును సవరిస్తూ పోయారు.

ఇంకా మిగిలిన చిక్కు వేగం. గది వేడిమిలో, మామూలు గాలి ఒత్తిడిలో లీటరు నీళ్లలో కరిగే మీథేన్ ఇరవై మిల్లీగ్రాముల చిల్లరే, అందుకే పని నెమ్మదిస్తుంది. వాయువును ఒత్తిడితో నీళ్లలోకి దించడం, లేదంటే నీటికి బదులు గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పల్లాడియం అనే లోహాన్ని వాడడం లాంటి దారులను ప్రయోగశాలలు ఇప్పుడు పరీక్షిస్తున్నాయి.