గూగుల్‌లో మొదట వచ్చేది సర్కారీ సైటేనా? నల్లజర్ల ఉదాహరణతో పూర్తి వివరాలు

నల్లజర్ల ఏ జిల్లాలో ఉంది? 2022 ఏప్రిల్ 3 వరకు ఈ ప్రశ్నకు జవాబు పశ్చిమగోదావరి. మర్నాడు రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగింది. అప్పటి నుంచి జవాబు తూర్పుగోదావరి. కలెక్టరేట్ ఏలూరు నుంచి రాజమహేంద్రవరానికి మారింది. ఆ విభజనలో పక్కనున్న ద్వారకా తిరుమల మండలం ఏలూరు జిల్లాకు వెళ్లింది. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఏర్పడిన పశ్చిమగోదావరిలో ఉండిపోయింది.

జిల్లా ఒక్క రోజులో మారింది కానీ ఇంటర్నెట్ మారలేదు. నల్లజర్లను పశ్చిమగోదావరిలోనే చూపించే పాత పేజీలు నెట్‌లో ఇంకా ఉన్నాయి. అలాంటి పేజీని నమ్ముకుని అర్జీ పట్టుకుని బయల్దేరిన మనిషికి ఒక రోజు కూలీ, బస్సు చార్జీలు దండగ. చిరునామా తప్పయితే పోయేది ఇంతే. ఫీజు కట్టాల్సిన సైటే తప్పయితే డబ్బుతో పాటు ఆధార్ వివరాలు కూడా పోతాయి.

మరి సెర్చ్‌లో ఏ పేజీ పైకి రావాలో ఎవరు నిర్ణయిస్తారు? సర్కారు పేజీ ఎందుకు కిందికి పోతుంది? దాన్ని పైకి తేవాలంటే ఏం రాయాలి?

సెర్చ్ ఇంజిన్ ఏం చేస్తుంది?

గూగుల్ లాంటి సెర్చ్ ఇంజిన్ మూడు పనులు చేస్తుంది. ముందుగా దాని ప్రోగ్రాములు లింకులు పట్టుకుని పేజీ తర్వాత పేజీ తిరుగుతాయి. తర్వాత ఆ పేజీల్లో ఏముందో చదివి సూచికలో రాసుకుంటాయి. మూడోది ర్యాంకింగ్. మనం ఏదైనా అడిగినప్పుడు ఆ సూచికలోంచి పనికొచ్చే పేజీలు తీసి వరుసలో పెడతాయి.

వరుస పెట్టేటప్పుడు చూసే అంశాలు చాలానే ఉంటాయి. మనం టైప్ చేసిన మాటలు పేజీలో ఉన్నాయా, శీర్షిక దేని గురించి, ఆ పేజీకి ఎవరెవరు లింక్ ఇచ్చారు, సమాచారం తాజాదేనా, ఫోన్‌లో సరిగా తెరుచుకుంటోందా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. లింకులను బట్టి పేజీకి విలువ కట్టే పద్ధతిని గూగుల్ వ్యవస్థాపకులు 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉండగా ప్రతిపాదించారు. ఇప్పుడు గూగుల్ పేజీలను ప్రధానంగా వాటి మొబైల్ రూపంలోనే చదువుతోంది.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ వరుసకు, ప్రభుత్వ గుర్తింపుకు సంబంధం లేదు. మొదటి స్థానం అంటే అధికారిక ముద్ర కాదు. అడిగిన ప్రశ్నకు ఈ పేజీ బాగా జవాబిస్తోందని ఒక యంత్రం వేసిన అంచనా మాత్రమే. జాబితాలో ‘స్పాన్సర్డ్’ అని ఉన్నవైతే డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు. మామూలు ఫలితాల్లో పై స్థానాన్ని గూగుల్ డబ్బుకు అమ్మదు.

సర్కారు పేజీ ఎందుకు వెనకబడుతుంది?

మొదటి కారణం భాష. జనం ‘ఇన్‌కమ్ సర్టిఫికెట్‌కి ఏం కావాలి’ అని వెతుకుతారు. ఆఫీసు పేజీలో ‘ఆదాయ ధ్రువీకరణ పత్రం జారీ ప్రక్రియ’ అని ఉంటుంది. పొలం ఉన్నాయన ‘వన్ బీ’, ‘అడంగల్’ అని అడుగుతాడు. పేజీలో ‘భూ దస్త్రాల కంప్యూటరీకరణ’ అని ఉంటుంది. రెండూ ఒకటేనని మనకు తెలుసు. యంత్రానికి కొంత తెలుసు కానీ పూర్తిగా తెలియదు.

రెండోది ఊరి పేరు. నల్లజర్ల, నల్లజెర్ల అని తెలుగులోనే రెండు రకాలుగా రాస్తారు. ఇంగ్లిషులో కూడా రెండు స్పెల్లింగులు వాడుకలో ఉన్నాయి. పేజీలో ఒకటే ఉంటే రెండో పేరుతో వెతికేవారికి అది దొరక్కపోవచ్చు.

మూడోది ఫాంట్. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. అయినా డీటీపీ కోసం వచ్చిన పాత ఫాంట్లతో కంపోజ్ చేసిన కాగితాలు ఆఫీసుల్లో ఇప్పటికీ తిరుగుతుంటాయి. అవి చూసే కంటికి తెలుగే. కంప్యూటర్‌కు మాత్రం అర్థం లేని అక్షరాల గుంపు. సంతకం, ముద్ర పడిన కాగితాన్ని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెట్టినా దాదాపు అదే ఇబ్బంది. జనానికి కావాల్సిన జవాబు అందులోనే ఉంటుంది, సెర్చ్‌కు మాత్రం సరిగా అందదు.

నాలుగోది తేదీ. పేజీ ఎప్పుడు పెట్టారో, చివరిసారి ఎప్పుడు సరిచూశారో ఉండదు. కేంద్ర ప్రభుత్వం సర్కారీ వెబ్‌సైట్ల కోసం 2009లో మార్గదర్శకాలు తెచ్చింది. 2023లో వాటి మూడో రూపం విడుదలైంది. సమాచారం తాజాగా ఉండాలని, ఫోన్‌లో తేలిగ్గా చదవగలగాలని, చూపు లేనివారికీ అందాలని అవి చెబుతున్నాయి. వాటిని పాటించిన పేజీకి సెర్చ్‌లోనూ మేలు జరుగుతుంది. రెండిటికీ కావాల్సినవి చాలావరకు ఒకటే.

మరి ప్రైవేటు సైట్లు ఎందుకు ముందుంటాయి?

అవి జనం అడిగిన మాటల్లోనే రాస్తాయి. అందులో వాటికి ఆదాయం ఉంది. 2018లో గూగుల్ తన ప్రకటనల సేవ యాడ్‌సెన్స్‌లో తెలుగును చేర్చింది. దాంతో తెలుగు పేజీలపై ప్రకటనలతో సంపాదించే దారి తెరుచుకుంది. పథకాలు, సర్టిఫికెట్లు, భూమి రికార్డుల గురించి వెతికేవారు ఎప్పుడూ ఉంటారు కాబట్టి వాటి మీద రాసే సైట్లు పెరిగాయి.

అందరిదీ మోసం కాదు. కొన్ని సైట్లు ఆఫీసు పేజీకన్నా బాగా విడమరిచి చెబుతాయి, చివర్లో అసలు సైటుకు లింక్ ఇస్తాయి. ఇబ్బంది రెండో రకంతోనే. అవి అధికారిక సైటులా రంగులు, చిహ్నాలు పెట్టుకుని దరఖాస్తు మేమే నింపుతామని అదనంగా వసూలు చేస్తాయి. పాస్‌పోర్టు విషయంలో ఇది బాగా ముదరడంతో, నకిలీ సైట్లున్నాయని విదేశాంగ శాఖ తన అధికారిక పోర్టల్‌లోనే హెచ్చరిక పెట్టాల్సి వచ్చింది. పుణ్యక్షేత్రాల్లో గదులు, ప్రయాణాల బుకింగ్ పేరుతో నకిలీ సైట్లు నడుస్తున్నాయని కేంద్ర హోంశాఖ పరిధిలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రం 2025 ఏప్రిల్‌లో హెచ్చరించింది.

పేజీని పైకి తెచ్చే రాత ఎలా ఉండాలి?

మండల ఆఫీసు, పంచాయతీ, సహకార సంఘం, ప్రభుత్వ బడి... ఎవరి పేజీకైనా సూత్రాలు ఇవే.

ఒక పేజీలో ఒకే పని గురించి రాయాలి. ఇరవై సేవలను ఒకే పేజీలో కుక్కితే ఏ ఒక్కదానికీ అది మంచి జవాబు కాదు.

శీర్షికలో పని, ఊరు రెండూ ఉండాలి. ‘సేవలు’ అని వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘ఇన్‌కమ్ సర్టిఫికెట్ (ఆదాయ ధ్రువపత్రం) – నల్లజర్ల మండలం’ అంటే చదివేవారికీ, సెర్చ్‌కూ వెంటనే అర్థమవుతుంది.

జవాబు మొదటి పేరాలోనే రావాలి. ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి, ఫీజు ఎంత, ఎన్ని రోజులు, ఎక్కడికి వెళ్లాలి అన్న ఐదు ప్రశ్నలు ముందు తేలాలి. అధికారి సందేశం, శాఖ చరిత్ర కింద పెట్టుకోవచ్చు.

జిల్లా మారిన ఊళ్లలో ఆ సంగతి ఒక వాక్యంలో చెప్పాలి. ‘2022 ఏప్రిల్ 4కు ముందు పశ్చిమగోదావరిలో ఉన్న నల్లజర్ల మండలం ఆ తేదీ నుంచి తూర్పుగోదావరిలోకి వచ్చింది’ అని రాస్తే పాత పేరుతో వెతికేవారు కూడా సరైన పేజీకి చేరతారు. పాత పేరు పూర్తిగా తీసేస్తే వారు పాత పేజీల దగ్గరే ఆగిపోతారు. కొల్లేటి ఒడ్డున ఉన్న కైకలూరుకు కూడా ఇదే సూత్రం. ఆ మండలం 2022లో కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారింది.

తెలుగును యూనికోడ్‌లో టైప్ చేయాలి. పీడీఎఫ్ పెట్టక తప్పకపోతే అందులోని ముఖ్యాంశాలను పేజీ మీద మామూలు అక్షరాల్లో కూడా ఇవ్వాలి. ఫొటోలో మాత్రమే ఉన్న ఫోన్ నంబరు వెతికినా దొరక్కపోవచ్చు.

సరిచూసిన తేదీ వేయాలి. జిల్లా సైటు నుంచి మండలం పేజీకి, అక్కడి నుంచి సేవ పేజీకి లింకులు ఉండాలి. ఏ లింకూ లేని పేజీ సందు చివర బోర్డు లేని ఆఫీసు లాంటిది. ఉన్నా ఎవరూ రారు.

వీటికి పెద్ద ఖర్చేం లేదు. సైటు ఏ మాటలకు కనిపిస్తోందో చూపే ‘సెర్చ్ కన్సోల్’ను గూగుల్ ఉచితంగా ఇస్తోంది. జనం ఏ మాటతో వెతికి వస్తున్నారో అందులో చూసి ఆ మాటను పేజీలో చేర్చితే చాలు.

ఏం చేస్తే పని చేయదు?

ఒకే మాటను పదేపదే రాయడం పాత కిటుకు. పేజీ వెనక దాచిపెట్టే ‘కీవర్డ్స్’ ట్యాగ్‌ను ర్యాంకింగ్‌కు వాడడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే చెప్పేసింది. పస లేని పేజీలను కిందికి నెట్టే ‘పాండా’ మార్పు 2011లో వచ్చింది. ర్యాంకు కోసమే కుప్పలుగా పేజీలు తయారుచేయడం, గడువు తీరిన సైటు పేర్లు కొని వాటి పాత పరపతిని వాడుకోవడం లాంటివాటిపై 2024 మార్చిలో నిబంధనలు బిగించింది. అందుకే నెలలో మొదటి స్థానం గ్యారంటీ అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు. ఆ హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ కూడా చెబుతోంది.

ఏఐ జవాబు వస్తే ఈ గొడవ ఉండదా?

సెర్చ్ ఫలితాల పైన ఏఐతో రాసిన సారాంశం చూపించడాన్ని గూగుల్ 2024 ఆగస్టులో భారత్‌లో మొదలుపెట్టింది. ఆ సారాంశానికి ఆధారం కూడా నెట్‌లో ఉన్న పేజీలే. పాత పేజీలో తప్పు ఉంటే అదే తప్పు ఇంకా నమ్మకంగా వినిపించే ప్రమాదం ఉంది. ఆఫీసు తన పేజీ సరిచేసుకోవాల్సిన అవసరం దీనివల్ల ఇంకా పెరిగింది.

మీరు ఏం చూసుకోవాలి?

• చిరునామా చివర చూడండి. ‘డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగిసే పేర్లు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. చివర అంటే మొదటి గీతకు ముందు వచ్చే భాగం. పేరు మధ్యలో ‘గవ్’ అని ఉన్నంత మాత్రాన నమ్మొద్దు.

• అలాగని మిగతావన్నీ నకిలీ కాదు. నల్లజర్ల ప్రాంతానికి కరెంటు ఇచ్చే తూర్పు డిస్కం సైటు ‘డాట్ కామ్’తో ముగుస్తుంది. ఆర్టీసీ టికెట్ల సైటుకు ‘డాట్ ఇన్’ మాత్రమే ఉంటుంది. ఇలాంటప్పుడు సెర్చ్‌లో వెతక్కుండా బిల్లు మీదో, టికెట్ మీదో ముద్రించిన చిరునామాను టైప్ చేయండి.

• ‘స్పాన్సర్డ్’ అని ఉంటే ఒక్క క్షణం ఆగి, ఎవరి ప్రకటనో చూడండి.

• చిరునామా, ఫీజు వివరాలు చదివేముందు పేజీ తేదీ చూడండి. మన ప్రాంతంలో ఊళ్ల విషయానికైతే 2022 ఏప్రిల్‌కు ముందుదా, తర్వాతదా అన్నది మొదటి ప్రశ్న.

• సెర్చ్ అక్కర్లేని దారులూ ఉన్నాయి. గ్రామ సచివాలయంలో అడగొచ్చు. 2025 జనవరి 30న మొదలైన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలో (95523 00009) చాలా పత్రాలకు దరఖాస్తు చేసుకోవచ్చు.

• నకిలీ సైటులో డబ్బు కట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపడానికి అంత వీలు.

• ఆఫీసు పేజీలోనే పాత సమాచారం కనిపిస్తే వదిలేయకండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వొచ్చు. మ్యాప్‌లో ఆఫీసు తప్పు చోట ఉంటే ‘మార్పు సూచించండి’ అన్న వీలు మీ ఫోన్‌లోనే ఉంది. మీరు దిద్దించిన ఒక్క వాక్యం తర్వాత వెతికేవారికి ఒక ప్రయాణం తప్పిస్తుంది.