గిన్నె మీద పేరు

మీ వంటింటి అటక మీది గిన్నెలు ఒకసారి దించి చూడండి. ఒక్కొక్కదాని మీదా ఒక పేరుంటుంది. సీమంతానికి మేనత్త పెట్టిందొకటి, గృహప్రవేశానికి పక్కింటివాళ్ళు ఇచ్చిందొకటి. మా ఇంట్లో అయితే గిన్నెలు వరసగా చదువుకుంటూ పోతే చాలు, బంధువర్గమంతా తేలుతుంది. ఇచ్చినవాళ్ళ పేరే గాని చేసినవాళ్ళ పేరు ఏ గిన్నె మీదా ఉండదు. అది ఒక లోటని నాకు ఇన్నేళ్ళూ తోచనే లేదు. ఢిల్లీ వెళ్ళాక తోచింది.

2025 ఫిబ్రవరిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. "అమ్మా, ఇక్కడ ఆర్ట్ ఫెయిర్ జరుగుతోంది, చూద్దువుగాని రా" అంది. నరసరావుపేట మనిషిని కదా, జాతర అంటే నాకు కోటప్పకొండ తిరునాళ్ళే. శివరాత్రికి ఇంకా మూడు వారాలైనా లేదు, ఈలోగా ఇదొక తిరునాళ్ళ అనుకుని బయల్దేరాను.

ఓఖ్లాలో ఎన్‌.ఎస్‌.ఐ.సి. మైదానం. పెద్ద పెద్ద డేరాలు. 2008లో ప్రగతి మైదానంలో 'ఇండియా ఆర్ట్ సమ్మిట్' అనే పేరుతో మొదలైందట. 2012లో 'ఇండియా ఆర్ట్ ఫెయిర్' అని పేరు మార్చుకుని ఓఖ్లాకి చేరింది. బొమ్మలూ శిల్పాలే కాక, కుర్చీలూ బల్లలూ దీపాలూ కూడా కళేనంటూ 2024లో డిజైన్‌కి విడిగా ఒక విభాగం పెట్టారు.

ఆ విభాగంలోనే ఒకచోట నా కాళ్ళు ఆగిపోయాయి. ఓ రాతిబల్ల. అచ్చం మా ఇంటి అరుగు మీది మాచర్ల నాపరాయిలా ఉంది. నడిచి నడిచి ఉన్నాను, కూర్చోబోయాను. "అమ్మా! అది చూడడానికి" అని అమ్మాయి చెయ్యి పట్టుకు లాగింది. పక్కన చిన్న అట్ట. దాని మీద చేసినవారి పేరు, ఏ సంవత్సరంలో చేసిందీ, దేనితో చేసిందీ. ధర మాత్రం లేదు. రేపు అది ఎవరింటికి పోతుందో ఆ పేరూ ఉండదు.

మన గిన్నెలకి ఇది సరిగ్గా తిరగేసిన లెక్క కదూ! చేసినవాడి పేరు పైకి, కొన్నవాడి పేరు లోపలికి. మా కోటప్పకొండ ప్రభలకైతే ఈ రెండూ అక్కర్లేదు. ఫలానా ఊరి ప్రభ అంటే సరిపోతుంది.

ఆ రాయిని చూస్తుంటే నాకు మా పలనాటి నాగార్జునకొండే గుర్తొచ్చింది. పెళ్ళయిన కొత్తల్లో లాంచీ ఎక్కి వెళ్ళి చూశాం. సాగర్ నీళ్ళలో మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. అక్కడి శిల్పాలన్నీ మన పలనాటి సున్నపురాయే. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే ఉండేది. రాజులు వైదిక యాగాలు చేస్తే, ఇంటి ఆడవాళ్ళు బుద్ధుడికి చైత్యాలు కట్టించారు. వీరపురుషదత్తుడి ఆరో ఏట మహాచైత్యాన్ని పూర్తి చేయించింది ఆయన మేనత్త చాంతిసిరి. స్తంభాల మీద ఆవిడ పేరే ఉంది, భర్త పేరు చాటున కాదు.

సరే, ఆవిడ రాజుగారి ఆడపడుచు. బోధిసిరి అనే ఆవిడ మాత్రం రాణి కాదు, మామూలు ఉపాసిక. చైత్యగృహం కట్టించింది, చెరువూ మండపమూ ఇచ్చింది. ఆ పుణ్యంలో భర్తకీ, కన్నవాళ్ళకీ, తోబుట్టువులకీ వాటా పంచింది. ఆ ప్రాకృత శాసనాన్ని డచ్చి పండితుడు వోగెల్ చదివి అచ్చువేయించాడు. అందులో చివరిమాట ఏమిటో తెలుసా? పని చూసిన ముగ్గురు భిక్షువుల పేర్లు చెప్పాక, ఇది రాతిపనివాడు విధికుడి పని అని! ఇచ్చిన ఇల్లాలి పేరూ, ఉలి పట్టిన మనిషి పేరూ ఒకే రాతి మీద! ఢిల్లీ అట్టకీ మన గిన్నెకీ కుదరనిది పదిహేడు వందల ఏళ్ళ కిందటే ఆవిడకి కుదిరింది.

ఊరొచ్చాక నాకొక సంగతి తట్టింది. ఈ ముప్ఫై ఏళ్ళలో నేను పెట్టిన గిన్నెలు లెక్కలేనన్ని. ఒక్కదాని మీదైనా నా పేరుందా? అన్నిటి మీదా మావారి పేరే, పక్కన 'దంపతులు' అని. ఆ దంపతుల్లో నేనున్నాననుకోవాలి!

మా చెల్లెలి కూతురి గృహప్రవేశానికి స్టీలు డబ్బా కొన్నాను. పేర్లు కొట్టే అతనికి నా పేరొక్కటే చెప్పాను. అతను తలెత్తి, "అయ్యగారి పేరు వద్దామ్మా?" అన్నాడు.

"ఆయన ఏమీ అనుకోరులే. అడుగున నీ పేరు కూడా కొట్టు నాయనా."

"నాదెందుకమ్మా? డబ్బా చేసింది నేను కాదుగా!"

"అక్షరాలు చేసింది నువ్వేగా."

అతను నవ్వి, డబ్బా బోర్లించాడు. నా పేరు కొట్టడానికి పట్టిన సేపట్లో సగం కూడా పట్టలేదు అతని పేరుకి. అలవాటు లేదు కాబోలు, చివరి అక్షరం కాస్త వంకరపోయింది. నేనేమీ అనలేదు.